ఆస్కార్ దాకా వెళ్ళిన పెగ్గీ లీ ఆ తరువాత తెర మీద ఎందుకు కనిపించలేదు?

మంద్రస్థాయి

అమెరికన్ గాయని, నటి పెగ్గీ లీ గురించి తెలుగులో ఎవరు రాసినా ‘ఫీవర్’ పాటతో మొదలుపెట్టి ఆ పాటతోనే ముగించేస్తున్నారు. అది గొప్ప పాటే, కాదనను. అయితే 1955 వేసవిలో ఆమెవి రెండు సినిమాలు వచ్చాయి, వాటిని ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. జూన్‌లో డిస్నీ వారి ‘లేడీ అండ్ ద ట్రాంప్’ విడుదలైంది. అందులో ఇంటి యజమానురాలికి, రెండు సయామీ పిల్లులకు, పెగ్ అనే కుక్కకు, అంటే మొత్తం నాలుగు పాత్రలకు గొంతు ఆమెదే. పాటలను కూడా సోనీ బర్క్‌తో కలిసి ఆమే రాసింది. కొద్ది వారాలకే జాక్ వెబ్ దర్శకత్వంలో ‘పీట్ కెలీస్ బ్లూస్’ వచ్చింది. అందులో తాగుడుకు బానిసై, చివరికి మతి చలించి ఆసుపత్రి పాలయ్యే రోజ్ హాప్కిన్స్ అనే గాయని పాత్ర వేసి ఆమె ఉత్తమ సహాయనటి విభాగంలో ఆస్కార్ పోటీలో నిలిచింది. ఆ ఏడాది బహుమతి జో వాన్ ఫ్లీట్‌కు దక్కిందనుకోండి, అది వేరే సంగతి.

నన్ను బాధపెడుతున్న విషయం వేరే ఉంది. 35 ఏళ్ళ వయసులో అంత పేరు తెచ్చుకున్న నటికి ఆ తరువాత చెప్పుకోదగ్గ సినిమా పాత్ర ఒక్కటీ రాలేదు. అది హాలీవుడ్ చేసిన అన్యాయమా, లేక ఆమె తెలిసి ఎంచుకున్న దారా? ఆమె పాటలు శ్రద్ధగా విన్నవారు, ఆ రెండు సినిమాలు చూసినవారు చెబితే వినాలని ఉంది.

పాతరికార్డులు

అన్యాయమని నేను అనుకోను. ఆమె జీవనాధారం క్లబ్బులు, రికార్డులు. లాస్ వేగాస్‌లోనూ న్యూయార్క్ క్లబ్బుల్లోనూ వారాల తరబడి ఆమె కార్యక్రమాలు ఉండేవి. ఒక సినిమాకు నెలల తరబడి కూర్చుంటే ఆ పని ఎవరు చేస్తారు? పైగా క్లబ్బులో దీపాల కాంతి దగ్గరనుంచి చేయి ఎప్పుడు ఎత్తాలన్నదాకా అన్నీ ఆమె చెప్పినట్టే జరిగేవి. సినిమాలో ఆ అధికారం దర్శకుడిది.

కామేశ్వరి_కాకినాడ

పాతరికార్డులు గారు లెక్క బాగానే చెప్పారు గాని, ఆ పాత్ర స్వభావాన్ని మరచిపోయారు. తాగుబోతు పాత్రను అంత సహజంగా పోషించిన ఆడదాని గురించి బయట ఏమనుకుంటారో మనకు తెలియనిదా? మన దగ్గర గయ్యాళి పాత్రలు వేసిన సూర్యకాంతం గారి పేరు పిల్లలకు పెట్టుకోవడానికే జనం జంకారు. అమెరికా అయినంత మాత్రాన అక్కడి నిర్మాతలు దేవతలేమీ కారు.

బొమ్మలపెట్టె

ఆసుపత్రి దృశ్యం చూడనివారి కోసం రాస్తున్నాను. రోజ్ చేతిలో ఒక బొమ్మ ఉంటుంది. చిన్నపిల్లలా కూర్చుని రంగుల గురించిన ఒక పాట పాడుతుంది. ఏడుపు ఉండదు, అరుపు ఉండదు, కళ్ళు ఎక్కడా నిలవవు. గొంతు మాత్రం శ్రుతిలోనే ఉంటుంది. మతి పోయిన మనిషికి పాట మాత్రం మిగిలి ఉందన్న సంగతి ఒక్క మాట చెప్పకుండా ప్రేక్షకుడికి తెలుస్తుంది. అదే సినిమాలో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ కూడా పాడింది. అంతటి గాయని పక్కన ఉన్నా, సినిమా అయిపోయాక నాకు గుర్తుండిపోయింది రోజ్ ముఖమే.

మంద్రస్థాయి

ఆ దృశ్యం చూశాకే నాకు ఈ ప్రశ్న పుట్టింది. అంతకు ముందు 1952 చివర్లో వచ్చిన ‘ద జాజ్ సింగర్’లో డానీ థామస్ పక్కన కథానాయికగా వేసినప్పుడు ఆమెలో ఇంత లోతు ఉందని అనిపించదు. మైకేల్ కర్టిజ్ వంటి దర్శకుడు కూడా ఆమెను అందంగా చూపించి, పాటలు పాడించి వదిలేశాడు. మూడేళ్ళలో అంత మార్పు వచ్చింది.

ఫార్గోతెలుగు

ఉద్యోగరీత్యా ఫార్గోలో ఉంటున్నాను కాబట్టి ఆమె పుట్టి పెరిగిన నేల గురించి కొంత రాయగలను. ఆమె అసలు పేరు నోర్మా డెలోరిస్ ఎగ్‌స్ట్రామ్. 1920 మే 26న నార్త్ డకోటాలోని జేమ్స్‌టౌన్‌లో, ఎనిమిదిమంది పిల్లల్లో ఏడో సంతానంగా పుట్టింది. తండ్రి మిడ్‌లాండ్ కాంటినెంటల్ అనే చిన్న రైల్వేలో స్టేషన్ ఏజెంటు. నాలుగేళ్ళ వయసులో తల్లి పోయింది. తరువాత వచ్చిన సవతితల్లి చేతిలో దెబ్బలు తిన్న సంగతి ఆమె తన ఆత్మకథలో రాసుకుంది.

ఇక్కడికి కారులో వెళ్ళిరాదగ్గ దూరంలో వింబుల్డన్ అనే చిన్న ఊరు ఉంది. వాళ్ళ కుటుంబం కాపురమున్న రైలు స్టేషనును ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు. కింది అంతస్తులో టిక్కెట్లు, సరుకుల పని జరిగేవి, పై అంతస్తులో ఏజెంటు కుటుంబం ఉండేది. ఆ పై గదుల్లో నిలబడినప్పుడు నాకు తట్టిన విషయం ఒకటి చెబుతాను. చుట్టూ కనుచూపు మేర చదునైన పొలాలే. అటువంటి చోట పెరిగిన పిల్లకు బయటి ప్రపంచం రేడియో ద్వారానే వచ్చి ఉంటుంది. హైస్కూలు చదువుతున్నప్పుడే దగ్గరలోని వ్యాలీ సిటీ రేడియోలో పాడింది. 1937లో చదువు ముగించి ఫార్గోలోని డబ్ల్యూడీఏవై రేడియోకు వచ్చింది. అక్కడ కెన్ కెనడీ అనే ఆయన ఆమెకు పెగ్గీ లీ అని పేరు పెట్టాడు. ముఖం చూపించకుండా గొంతుతోనే మనిషిని నిలబెట్టడం ఆమెకు రేడియోలోనే అలవడిందని నా నమ్మకం. కుక్కకూ పిల్లికీ గొంతు ఇవ్వడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆ సాధన మొదలైందన్నమాట.

శ్రుతిబాక్స్

అందరూ ఆమెను జాజ్ గాయని అని ఎంతో ధీమాగా రాస్తున్నారు గాని, నాకు మొదటినుంచీ అనుమానమే. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌లా స్వరకల్పన చేయదు, సారా వాన్‌లా మూడు స్థాయిల్లోనూ తిరగదు. గొంతు పరిధి చిన్నది. చక్కటి పాప్ గాయని అంటే సరిపోదా?

చికాగోచలి

శ్రుతిబాక్స్ గారితో నేను ఏకీభవించను. ఆమె గొంతు తగ్గించి పాడటం చేతగాక చేసిన పని కాదు. పామ్ స్ప్రింగ్స్‌లోని డాల్ హౌస్ అనే చోట పాడుతున్నప్పుడు శ్రోతలు తమ కబుర్లలో తాము ఉండేవారట. వాళ్ళకు మించి అరవడానికి బదులు ఆమె ఇంకా మెల్లగా పాడింది. వినాలంటే నోరు మూసుకోక తప్పని స్థితి కల్పించింది. ఆ పద్ధతిని జీవితాంతం వదలలేదు.

1941లో మా చికాగోలోనే, అంబాసడర్ వెస్ట్ హోటల్లోని బట్టరీ రూమ్‌లో ఆమె పాట విని బెన్నీ గుడ్‌మన్ తన బ్యాండులో హెలెన్ ఫారెస్ట్ స్థానంలోకి తీసుకున్నాడు. మొదట్లో విమర్శకులు చీల్చి చెండాడారు. మానేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. బసలో ఆమె లిల్ గ్రీన్ పాడిన ఒక బ్లూస్ రికార్డును పదేపదే పెట్టుకుని వినేది. అది విని విని గుడ్‌మనే దానికి బ్యాండు కోసం కొత్త అమరిక చేయించాడు. 1942లో రికార్డు చేసిన ఆ ‘వై డోంట్ యు డూ రైట్’ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పదిహేను మంది ఊదుతున్న బ్యాండు మధ్య కూర్చుని, గొంతు పెంచకుండా తాళానికి ఆవగింజంత వెనకగా మాట విడిచే ఆ పద్ధతి జాజ్ కాకపోతే మరేమిటో శ్రుతిబాక్స్ గారు చెప్పాలి.

శ్రుతిబాక్స్

కాలప్రమాణం మీద ఆమె పట్టును నేనెప్పుడూ తక్కువ చేయలేదు. ఆ పాట బ్లూస్ అని మీరే అంటున్నారు కదా.

పాతరికార్డులు

ఈ తగాదా తీర్చడానికి ‘బ్లాక్ కాఫీ’ ఒక్కటి చాలు. 1953లో డెక్కా అనే రికార్డు కంపెనీ కోసం పది అంగుళాల రికార్డుగా ఎనిమిది పాటలు చేసింది, 1956లో మరో నాలుగు కలిపి పన్నెండు అంగుళాల రికార్డుగా తెచ్చారు. తొలి ఎనిమిదింటిలో ఆమె వెనక ఉన్నది నలుగురే. పియానో మీద జిమ్మీ రోల్స్, ట్రంపెట్ మీద పీట్ కాండోలీ, డ్రమ్స్ మీద ఎడ్ షానెసీ, బేస్ మీద మాక్స్ వేన్. పెద్ద ఆర్కెస్ట్రా ముసుగు లేదు. మొదటి పాటలో ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, రోల్స్ ఆ ఖాళీని ఎక్కడ రెండు స్వరాలతో నింపుతాడో గమనిస్తూ వినండి. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. వర్గీకరణ ఆ తరువాత ఆలోచించుకోవచ్చు.

అలాగే ‘ఫీవర్’ను కూడా చిన్నచూపు చూడవద్దని మంద్రస్థాయి గారికి మనవి. 1956లో లిటిల్ విల్లీ జాన్ పాడినప్పుడు అందులో శాక్సఫోన్లు ఉన్నాయి, గిటారు ఉంది. 1958లో ఆమె వాటన్నిటినీ తీసేసి బేస్, డ్రమ్స్, చిటికెలు మాత్రం ఉంచింది. రోమియో జూలియట్‌ల చరణం, కెప్టెన్ స్మిత్ చరణం ఆమె కొత్తగా రాసి చేర్చినవే. వాటికి ఆమె పేరు ఎక్కడా వేయలేదు. పాట సాగుతుంటే శ్రుతి అరస్వరం చొప్పున రెండుసార్లు పైకి జరుగుతుంది, గొంతు మాత్రం ఎక్కడా పెరగదు. వింటున్నవాడి గుండె వేగం మాత్రమే పెరుగుతుంది.

కామేశ్వరి_కాకినాడ

మా ఇంట్లో ఆ పాట పెడితే మా అత్తగారు కూడా చిటికెలు వేస్తారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు.

ఇంతకీ నటన, గానం, రచన ఒక్కరిలోనే అంటుంటే నాకు భానుమతి గారు గుర్తొస్తున్నారు. ‘మల్లీశ్వరి’ వచ్చింది 1951లో. ఆవిడ తన పాటలు తానే పాడుకున్నారు, అత్తగారి కథలు రాశారు, 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్టు చేశారు. ఇద్దరిదీ దాదాపు ఒకే కాలం.

మంద్రస్థాయి

కామేశ్వరి గారి పోలికలోనే నా ప్రశ్నకు సగం సమాధానం ఉన్నట్టుంది. భానుమతి గారికి భర్త రామకృష్ణారావు గారితో కలిసి నడిపిన భరణీ సంస్థ ఉంది. తనకు తగిన పాత్ర ఎవరూ ఇవ్వకపోతే తానే తీయించుకోగలిగారు. పెగ్గీ లీకి సినిమాలో అటువంటి ఆధారం లేదు. పాట విషయంలో మాత్రం ఉంది. ‘లవర్’ పాటను కాపిటల్ సంస్థ రికార్డు చేయనంటే 1952లో ఆ సంస్థను వదిలి డెక్కాకు వెళ్ళి దాన్ని పెద్ద విజయం చేసి చూపించింది.

చికాగోచలి

పోలిక ఒక హద్దు దాటాక నిలవదు. భానుమతి గారు తెర మీద పుట్టిన గాయని. ఈమె బ్యాండు బస్సుల్లో ఊరూరా తిరిగి పైకి వచ్చిన గాయని. 1943లో గుడ్‌మన్ బ్యాండు గిటారిస్టు డేవ్ బార్బర్‌ను పెళ్ళి చేసుకుని, బిడ్డ పుట్టాక పాడటమే మానేయాలనుకున్న మనిషి. ఇంట్లో ఉండగా పాటలు రాయడం మొదలుపెట్టింది. ఆ రచనే ఆమెను మళ్ళీ బయటికి లాక్కొచ్చింది.

వాదిప్రతివాది

ఇంతమంది రాశారు గాని ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ఘట్టాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది కోర్టులో జరిగింది.

‘లేడీ అండ్ ద ట్రాంప్’ కోసం 1952లో డిస్నీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం గాత్రానికి ఆమెకు ముట్టినది 3,500 డాలర్లు. ఆ కాగితంలో ఒక షరతు ఉంది. ఆమె పని ఫలితాన్ని వాడి ప్రజలకు అమ్మడానికి గ్రామఫోన్ రికార్డులు గాని, మరే విధమైన ప్రతులు గాని తయారుచేసే హక్కు సంస్థకు ఇవ్వడం లేదని ఆ షరతు సారాంశం. అప్పట్లో ఇంట్లో సినిమా కొనుక్కుని చూసే పరికరం లేదు. 1987లో డిస్నీ ఆ సినిమాను వీడియో క్యాసెట్టుగా విడుదల చేసింది, అవి లక్షల్లో అమ్ముడుపోయాయి. 1988లో ఆమె దావా వేసింది. క్యాసెట్టు అంటే ప్రజలకు అమ్మిన ప్రతి కాదా అన్నది ఆమె వాదన. సినిమాకు సంబంధించిన హక్కులన్నీ తమవేనని సంస్థ వాదన.

1991లో విచారణకు ఆమె చక్రాల కుర్చీలో వచ్చేది. అప్పటికి 70 ఏళ్ళు. జ్యూరీ 38 లక్షల డాలర్ల పైచిలుకు ఇవ్వాలని తేల్చింది. న్యాయమూర్తి దాన్ని 23 లక్షలకు తగ్గించాడు. అప్పీలులో కూడా ఆ తీర్పు నిలబడింది. 36 ఏళ్ళ కిందట నాలుగు బొమ్మలకు ఇచ్చిన గొంతు కోసం అమెరికాలోని అతి పెద్ద సంస్థల్లో ఒకదాన్ని ఆమె ఓడించింది. డిస్నీ వారి ‘స్లీపింగ్ బ్యూటీ’లో రాకుమారికి గొంతు ఇచ్చిన మేరీ కోస్టా కూడా దాదాపు అదే సమయంలో దావా వేసింది.

గోదావరిగట్టు

ఒప్పుకున్న డబ్బు తీసుకుని, 30 ఏళ్ళు ఊరుకుని, లాభాలు కనిపించగానే కోర్టుకెక్కడం నాకు అంత గొప్పగా అనిపించడం లేదు. నష్టం వస్తే ఆమె భరించేదా?

వాదిప్రతివాది

గోదావరిగట్టు గారు, ఆమె 30 ఏళ్ళు ఊరుకున్నది హక్కు లేక కాదు, ఉల్లంఘన జరగక. 1987 వరకు ఆ సినిమా థియేటర్లలోనే మళ్ళీ మళ్ళీ విడుదలయ్యేది, దానికి ఆమె ఒప్పుకునే సంతకం పెట్టింది. ఒప్పుకోని పని జరిగినప్పుడే అడిగింది. పొలం కౌలుకు తీసుకున్నవాడు బావి తవ్వి నీళ్ళు అమ్ముకుంటే యజమాని అడగడా?

గోదావరిగట్టు

కౌలు సంగతి మాకు బాగా తెలుసు కాబట్టి ఆ మాట ఒప్పుకుంటున్నాను. అయినా ఒప్పందంలో ఆ వాక్యం లేకపోతే ఆమెకు పైసా వచ్చేది కాదు కదా. అంటే ఇది కళకు గెలుపు కాదు, ఆ వాక్యం పెట్టించిన ఏజెంటుకు గెలుపు.

డబ్బింగ్‌గది

హైదరాబాదులో డబ్బింగు చెప్పి బతికేదాన్ని కాబట్టి నేను మాట్లాడాలి. గోదావరిగట్టు గారు చెప్పినదే మా అందరి కథ. చాలాసార్లు మాకు ఒప్పంద పత్రమే ఉండదు. ఫోన్ వస్తుంది, వెళ్తాం, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర మీద నటి పెదవులు చూస్తూ, లూపు తరువాత లూపు చెప్పి, వోచరు మీద సంతకం పెట్టి వస్తాం. ఒక అనువాద సినిమాలో నేను చెప్పిన పిల్ల పాత్ర గొంతును ఆ తరువాత ఒక ప్రకటనలో విన్నాను. అడిగితే సినిమా మాదే కదమ్మా అన్నారు. ఎవరన్నది ఇక్కడ అనవసరం.

సినిమాలో మనిషి ముఖం ఒకరిది, గొంతు మరొకరిది అయినప్పుడు గొంతుకు విలువ కట్టడం ఎవరికీ అలవాటు లేదు. మన దగ్గర పాట, మాట రెండూ చేసినవారు లేకపోలేదు. ఎస్.పి. శైలజ గారు పాడారు, డబ్బింగు చెప్పారు, 1983లో ‘సాగర సంగమం’లో నటించారు కూడా. సునీత గారు పాటలతోపాటు ఎందరో కథానాయికలకు గొంతు ఇచ్చారు. పాడిన పాటకు వాళ్ళ పేరు క్యాసెట్టు అట్ట మీద ఉంటుంది. చెప్పిన మాటకు చాలా సినిమాల్లో పేరే ఉండదు. పెగ్గీ లీ నాలుగు పాత్రలను వేర్వేరు మనుషులుగా వినిపించిందని మీరంతా మెచ్చుకుంటున్నారు. ఆ పనికి మెచ్చుకోలుతో సరిపెట్టవద్దని ఆమె కోర్టులో అడిగింది. నాకు ఆమె అందుకే కావాలి.

వాదిప్రతివాది

డబ్బింగ్‌గది గారికి ఒక సమాచారం. 2012లో మన కాపీరైటు చట్టానికి చేసిన సవరణలో ప్రదర్శకుల హక్కులను విస్తరించారు. ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకుంటే రాయల్టీకి అర్హత ఉందని 38ఎ సెక్షను చెబుతోంది. గాయకులు ఆ మరుసటి ఏడాదే ఇస్రా అనే సంఘం పెట్టుకున్నారు. డబ్బింగు కళాకారులు కూడా కనీసం వోచరు మీద, ఏ సినిమా, ఏ పాత్ర, ఏ వాడకానికి అన్న మూడు సంగతులు రాయించుకుని, దాని ఫోటో తీసి ఉంచుకోవడం మంచిది. కాగితం చేతిలో ఉంటే మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది.

డబ్బింగ్‌గది

రాయమంటే మరుసటిసారి ఫోన్ రాదేమోనన్న భయం ఒకటి ఉంది. అయినా మా బృందంలో చెబుతాను. నలుగురం కలిసి అడిగితే వేరుగా ఉంటుంది.

బొమ్మలపెట్టె

ఆ నాలుగు పాత్రల గురించి కొంచెం వివరంగా రాయాలని ఉంది. యజమానురాలి గొంతులో ఆమె తన సహజమైన మంద్రాన్ని వదిలి, కొత్త ఇల్లాలి మెత్తదనం తెచ్చుకుంది. పిల్లులు రెండింటినీ తానే విడివిడిగా పాడి ఒకదానిపై ఒకటి చేర్చారు కాబట్టి అవి ఒకే ఊపిరితో కదులుతున్నట్టు ఉంటాయి. ఇక పెగ్ ఒకప్పుడు కుక్కల తమాషా ప్రదర్శనలో ఆడి, ఇప్పుడు బందెలదొడ్డిలో పడిన కుక్క. నుదుటి మీద జుట్టు ఒక కంటిని కప్పేస్తుంది. ఆ పాత్రకు మొదట మేమీ అని పేరు పెట్టారు. 1953లో ఐజెన్‌హోవర్ అధ్యక్షుడయ్యాడు, ఆయన భార్య పేరు కూడా మేమీయే కావడంతో, పాత్రకు పెగ్గీ పేరే పెట్టేశారు. ‘హీ ఈజ్ ఎ ట్రాంప్’ పాటలో వెనక కుక్కలన్నీ కోరస్‌గా ఊళలు వేస్తుంటే ఆమె మాత్రం నడిరాత్రి క్లబ్బులో ఆఖరి పాట పాడుతున్నంత నింపాదిగా పాడుతుంది.

మరొక విషయం. మొదటి కథలో ట్రస్టీ అనే ముసలి వేటకుక్క బండి కింద పడి చచ్చిపోవాలి. పిల్లలు తట్టుకోలేరని వాల్ట్ డిస్నీని ఒప్పించి దాన్ని బతికించినది పెగ్గీ లీయే. చివరి క్రిస్మస్ దృశ్యంలో అది కాలికి కట్టుతో వస్తుంది.

గోదావరిగట్టు

ఆ కుక్కను బతికించినందుకు మాత్రం ఆమెకు ఎంత ఇచ్చినా తప్పు లేదు. చిన్నప్పుడు ఆ చోట నేను కుర్చీ వెనక దాక్కున్నాను.

శ్రుతిబాక్స్

సయామీ పిల్లుల పాటను మెచ్చుకోవడం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఏటవాలు కళ్ళు, విరిగిన ఇంగ్లీషు, ఇంట్లో దొంగతనం. ఆసియావాసుల మీద ఆనాటి అమెరికాకు ఉన్న చులకన అంతా ఆ రెండు పిల్లుల్లో ఉంది. 2019లో మళ్ళీ తీసినప్పుడు ఆ పాటను పూర్తిగా తీసేసి వేరే పాట పెట్టారు. 1948లో తొమ్మిది వారాలు అగ్రస్థానంలో నిలిచిన ‘మన్యానా’ కూడా అటువంటిదే, మెక్సికన్ల యాసను అనుకరించి నవ్వించిన పాట. రెండింటికీ రచనలో ఆమె భాగం ఉంది. ఒక మనిషిని అభిమానించేటప్పుడు ఇది కూడా చెప్పుకోవాలి.

బొమ్మలపెట్టె

శ్రుతిబాక్స్ గారు చెప్పినది న్యాయమే. నేను మెచ్చుకున్నది రెండు గొంతులను జోడించిన పనితనాన్ని. మా అమ్మాయి ఇక్కడి బడిలో ఆ పాట పేరుతో ఏడిపించారని చెప్పినప్పటినుంచి నేను ఆ భాగం వచ్చినప్పుడు ఆపి, అది ఎందుకు తప్పో చెప్పి, తరువాత ముందుకు నడుపుతాను.

కామేశ్వరి_కాకినాడ

పాట తీసేయడమా, ఉంచి చెప్పడమా అంటే నేను రెండోదానికే ఓటు వేస్తాను. తీసేస్తే అది ఉండేదన్న సంగతే రేపటివారికి తెలియదు.

ఫార్గోతెలుగు

మళ్ళీ మంద్రస్థాయి గారి ప్రశ్న దగ్గరికి వస్తాను. ఆమె నటన ఆగిపోయిందన్న మాటే నాకు సరిగ్గా తోచదు. 1969లో వచ్చిన ‘ఈజ్ దట్ ఆల్ దేర్ ఈజ్?’ వినండి. లీబర్, స్టోలర్ అనే రచయితల జంట రాసినది, ఆర్కెస్ట్రా అమరిక రాండీ న్యూమన్‌ది. చరణాలన్నీ మాటలే. చిన్నప్పుడు ఇల్లు కాలిపోవడం, సర్కస్ చూడటం, ప్రేమలో పడటం, ఆఖరున చావు. ప్రతి అనుభవం తరువాత ‘ఇంతేనా?’ అని ఒకే ప్రశ్న. పల్లవి మాత్రమే పాట. ఆ మాటల్ని ఇంకెవరు చెప్పినా ఏడుపుగానో వెటకారంగానో మారిపోయేవి. ఆమె గొంతులో అలసట ఉంది, చిన్న నవ్వు ఉంది, ఏది నిజమో తేల్చుకోనివ్వదు. రోజ్ హాప్కిన్స్ చేసిన నటి కాక మరెవరు దాన్ని చేయగలరు? కాపిటల్ వాళ్ళు విడుదల చేయడానికి వెనకాడారు. తీరా చేశాక బిల్‌బోర్డు పట్టికలో 11వ స్థానానికి వెళ్ళింది, 1970లో ఆమెకు గ్రామీ తెచ్చింది. అప్పుడు రేడియోల నిండా రాక్ సంగీతమే, ఆమెకు 49 ఏళ్ళు.

పాతరికార్డులు

ఫార్గోతెలుగు గారి వాదన బాగుంది గాని, రంగస్థలం మీద ఆ వాదన నిలవలేదు. 1983 డిసెంబరులో బ్రాడ్వేలో ‘పెగ్’ పేరుతో తన జీవితాన్నే సంగీత నాటకంగా ప్రదర్శించింది. ఐదు ప్రదర్శనలకే మూతపడింది. సవతితల్లి దెబ్బలతో సహా అన్నీ తానే పాడి తానే చెప్పింది. వేరే మనిషిగా మారినప్పుడు ఆమె నటన వెలిగింది. తనను తాను నటించబోతే ప్రేక్షకులు దగ్గరకు రాలేదు.

చికాగోచలి

ఐదు ప్రదర్శనలతో ఒక నటిని కొలవడం సబబు కాదు. బ్రాడ్వేలో నెల తిరగకుండా మూతపడిన మంచి నాటకాలు ఎన్నో ఉన్నాయి. నాటకం పోయినా ఆమె వెంటనే క్లబ్బులకు తిరిగి వెళ్ళి పాడుతూనే ఉంది.

మంద్రస్థాయి

ఇద్దరి మాటలూ చదివాక నాకు అర్థమైనది రాస్తాను. సినిమా ఆమెను వదిలేసిందన్న నా ఫిర్యాదును నేను పూర్తిగా వెనక్కు తీసుకోను. ఆ బొమ్మ పట్టుకున్న దృశ్యం చూసి కూడా ఆమె కోసం ఒక్క కథ రాయించని నిర్మాతలది గుడ్డితనమే. అయితే నష్టపోయినది సినిమా. ఆమెకు మూడు నిమిషాల పాటలో ఒక మనిషిని నిలబెట్టే స్థలం ఎప్పుడూ ఉంది. డ్యూక్ ఎల్లింగ్టన్ 1959లో ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’ సినిమాకు చేసిన బాణీకి ఆమె మాటలు రాసి పాడినది కూడా ఈ దృష్టితో మళ్ళీ వింటాను.

డబ్బింగ్‌గది గారిని ఒక మాట అడగాలని ఉంది. పెగ్గీ లీ నాలుగు పాత్రల్లో మీ చెవికి ఏది కష్టమైనదిగా వినిపిస్తుంది?

డబ్బింగ్‌గది

యజమానురాలి పాత్ర. పిల్లికీ కుక్కకూ గొంతు మార్చి దాక్కోవచ్చు. ఆ ఇల్లాలికి ముఖం కూడా సరిగా చూపించరు, కుక్కల ఎత్తులోంచి చూసినట్టు చీర కుచ్చెళ్ళలా గౌను అంచులే కనిపిస్తాయి. పెదవుల సాయం లేదు, పాటకు జోలపాట ఒక్కటే. అంతటి ప్రసిద్ధ గాయని తన గొంతు ఎవరూ గుర్తుపట్టనంత మామూలు తల్లిగా మాట్లాడటం చాలా కష్టం. మా పనిలో వచ్చే కొత్తవాళ్ళు అటువంటి పాత్రలనే తేలిక అనుకుని పాడుచేస్తారు.

వాదిప్రతివాది

ఆమె కోర్టు పోరాటం డిస్నీతో ఆగలేదన్న సంగతి కూడా ఇక్కడే నమోదు చేస్తాను. డెక్కాలో చేసిన పాత రికార్డులకు రాయల్టీ సరిగా లెక్కకట్టలేదని, ఆ జాబితాకు వారసురాలైన యూనివర్సల్ మీద పాతతరం కళాకారుల తరఫున వేసిన ఉమ్మడి దావాలో ఆమె ముందు వరుసలో నిలిచింది. 2002 జనవరిలో 47.5 లక్షల డాలర్లకు అది పరిష్కారమైంది. అదే నెల 21న, 81 ఏళ్ళ వయసులో లాస్ ఏంజెలెస్‌లో ఆమె కన్నుమూసింది. ‘బ్లాక్ కాఫీ’ కూడా డెక్కా కాలం నాటిదే.

శ్రుతిబాక్స్

పాతరికార్డులు గారు చెప్పిన పద్ధతిలో ‘బ్లాక్ కాఫీ’ మొదటి పాట విన్నాను. రోల్స్ నింపిన ఖాళీల మాట నిజమే. ఆమెను ఏ వర్గంలో పెట్టాలో నేను ఇంకా తేల్చుకోలేదు గాని, మిగతా ఏడూ ఇవాళే వింటాను. 1953 నాటి ఎనిమిది పాటల వరుస ఏమిటో ఎవరైనా రాయగలరా? నా దగ్గర ఉన్నది పన్నెండు పాటల ముద్రణ, అందులో రెండు కాలాలవీ కలిసిపోయాయి.

పాతరికార్డులు

అట్ట చూసి రాత్రికి రాస్తాను.